పెరటితోట — మిరుగమునకు ముందు



రోహిణి కార్తె సగమునకు పైగా గడచినది. రోళ్లు పగులునని పెద్దలనిన యెండ యిదియే. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలో ఈ దినములయందు వేడిమి 45 డిగ్రీలు దాటుట క్రొత్త గాదు. పెరటిలో మిగిలిన మొక్కలెన్ని, మాడినవెన్ని యని లెక్కించి ఇల్లాండ్రు నిట్టూర్చు కాలమిది. అయినను తోటపనికి సంవత్సరారంభము ఉగాది గాదు, మిరుగము. జూను 8వ తేదీ ప్రాంతమున మృగశిర ప్రవేశించును. ఏడాదిలో మనకు గురియు వానలో నాలుగింట మూడుపాళ్లకు మించి అప్పటినుండి సెప్టెంబరు కడవఱకు గల నాలుగు నెలలలోనే గురియును. ఈ కొలది దినములలో మడి సవరించుకొనని యిల్లాలు ఆషాఢమున విత్తనములు కొంగున గట్టుకొని బురదలో నిలువవలసి వచ్చును.

ఈ మాసము నాకు మూడు లేఖలు వచ్చినవి. మూడును మన మూడు పట్టణములనుండియే. వ్రాసినవారి పేరులు ప్రకటింపను గాని వారడిగిన ప్రశ్నలు అనేక గృహములలో నున్నవే గనుక సమాధానములు ఇచ్చటనే వ్రాయుచున్నాను.

జగిత్యాలనుండి ఒక సోదరి యిట్లు వ్రాసినది: “మా పెరడు పదడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు. అందు ఒక జామచెట్టు, ఒక మడి తోటకూర, గోడవెంట టమాట మొక్కలు. కోతులు ఒక్క కాయ దక్కనీయవు. మొన్న పసిపిల్లవాని చేతిలోని బిస్కత్తు లాగుకొని పోయినవి. మా బావగారు పెరడంతయు గచ్చు చేయించి పీడ వదలించుకొందమని సిమెంటు మూటలు తెప్పించినారు. మా అత్తగారు ఏమియు ననరు. మీరేమందురు?”

మూట విప్పవలదని ముందుగా చెప్పి, కారణములు తరువాత వ్రాయుచున్నాను.

కొండగట్టు అంజన్న వెలసిన జిల్లాలో కోతిని శత్రువనుటకు నోరు రాదు. అట్లని పసివాని చేయి గీరిన దానికి హారతి పట్టను నాకు చేతగాదు. అడవిలో పండ్లచెట్లు తఱిగినవి, ఊరిలో చెత్తకుప్పలు పెరిగినవి. అది వచ్చుటలో వింత యేమున్నది? రాష్ట్రప్రభుత్వమువారు 2020 సంవత్సరమున నిర్మలు సమీపమున కోతుల సంరక్షణ పునరావాస కేంద్రము నొకదానిని తెఱచినారు. మంచిదే. కాని ఒక్క కేంద్రము ఊరూరి మందలను తీర్చునని వేచియుండుట కూర పొయ్యిమీద పెట్టి కట్టెలకై అడవికి పోయినట్లుండును.

కావున మార్చవలసినది పెరడు గాదు, పెరటిలోని పంట. కోతి ఏమి తినునో మన మెఱుగుదుము: జామ, మామిడి, బొప్పాయి, టమాట, బీర, ఆనిగెపుకాయ, చిక్కుడు, వేరుసెనగ, మునగపూవు. ఏది విడుచునో అంతగా గమనింపము. పసుపు, అల్లము, మిరప, కాకర, చామగడ్డ, నిమ్మ, కల్యామాకు — వీనిని అది సాధారణముగా ముట్టదు. ఘాటో, చేదో, దురదయో, ముల్లో వీనికి కావలి. హిమాలయ ప్రాంతపు రైతులును కోతుల బాధ పడలేక మొక్కజొన్న విడిచి పసుపు, అల్లము, చామ వేయుచున్నారు. ఇక్కడ మాటలో ఒక మెలిక గలదు. కోస్తా జిల్లాలవారు కంద యనునది దురదపెట్టు పెద్దగడ్డ. దానికి కోతి భయపడును. మనము కందగడ్డ యనునది తియ్యని గడ్డ. దానిని వ్రేళ్లతో సహా పెకలించి తినును. పత్రికలో “కంద నాటుడు” అని చదివి కందగడ్డ తీగ నాటుకొని నన్ను తిట్టుకొనవలదు.

విడుచునంటిని గాని, ఆకలిగొన్న మంద చిలిపితనమునకైనను రెండు మొక్కలు పీకి పాఱవేయును. ఆ నష్టము దోమలు కుట్టుటవంటిది. దానికై ఇల్లు విడువము గదా.

మఱి జామచెట్టు? ఈ మాట వ్రాయుటకు చేయి యాడదు. అయినను వ్రాయుచున్నాను: కొట్టివేయుడు. పెరటిచెట్టు కొట్టుట పాపమని నాతో వాదించు సోదరీమణులున్నారు. పాకుచున్న బిడ్డయున్న యింటిలో, పది కోతులను గూనపెంకులమీదికి పిలుచు చెట్టు ఉండరాదని నా అభిప్రాయము. దాని స్థానమున నిమ్మ అంటు నొకటి, కల్యామాకు నొకటి నాటుడు. నిమ్మ మూడు నాలుగేండ్లలో కాపునకు వచ్చును. అంతవఱకు దాని చుట్టును మిరప, పసుపు పెట్టుకొనవచ్చును. జామపండు తినవలెనను కోరిక పుట్టిన అంగడిలో కొందము. మామిడిపండు మాట చెప్పనే యక్కఱలేదు. చల్‌గల్ అంగడి ప్రక్కనే యుండగా పదడుగుల పెరటిలో మామిడి పెంచుట నిండు చెఱువు చెంత చెలమ త్రవ్వినట్లు.

ఇక గచ్చు మాట. మీ పెరడు 120 చదరపుటడుగులు. అనగా సుమారు 11 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరుమీద పడిన ఒక లీటరు నీరగును. మిరుగములో ఒక సాయంకాలము 20 మిల్లీమీటర్లు కురిసినదనుకొందము. మీ పెరటిలోనికి 220 లీటర్లు వచ్చినవి. పదునైదు లీటర్ల బిందెలు పదునాలుగింటికి పైగా. మన్నున్నచో ఆ నీరు దిగి మీ బోరుకో, పొరుగింటి బావికో చేరును. గచ్చున్నచో మోరీలో గలిసి వీధివారి గడప కడుగును. పగలంతయు కాగిన గచ్చు అర్ధరాత్రి వఱకు సెగలు గ్రక్కును. దానిని ఆనుకొని యుండునది తఱచుగా వంటయిల్లే, అందుండునది మనమే. బావగారికి సూటిగా ఎదురాడుట ఉచితము గాదేని, పై లెక్కను మీవారిచేత చెప్పింపుడు. ఎన్ని బిందెలో చెప్పిన పిదప మగవారు ఆలోచింతురు. బట్టలుతుకు రాయి దగ్గఱ నాలుగడుగులు గచ్చు వేసికొని సిమెంటు సార్థకము చేసికొనుటకు నాకు అభ్యంతరము లేదు.

ఇల్లు కట్టిననాటి సున్నము, కంకర గలిసి పెరటిమన్ను గట్టిపడినదని అదే సోదరి చివర వ్రాసినది. దీనికి నాకు తెలిసిన ఉపాయము మిక్కిలి పాతది. చిన్ననాట మా తండ్రిగారు నాకు బృహత్సంహిత చెప్పుచుండిరి. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు అందు వృక్షాయుర్వేదాధ్యాయమున, చెట్లు నాటబోవు నేలలో ముందుగా నువ్వులు చల్లి, అవి పూతకు రాగానే నలిపి మన్నులో కలుపవలెననియు, నేలకు చేయవలసిన మొదటిపని యిదియేననియు చెప్పినాడు. ఇప్పుడు మన రైతులు వరినాటునకు ముందు జీలుగ, జనుము దున్నుట ఈ తెఱంగే. మిరుగపు మొదటి వానకు పెరటిలో సగము నువ్వులు చల్లుడు. నలువది దినముల ప్రాంతమున పూత వచ్చును. కొడవలితో కోసి, ముక్కలు చేసి, పారతో మన్నులో త్రిప్పి, మూడు వారములు మాగనిండు. మిగిలిన సగములో పెంటయెరువు వేసి కాకర, మిరప పెట్టుకొనుడు. మఱుసటి యేడు సగములు మార్చుడు.

కాకర ఒక్క పాదు చక్కగా పట్టినచో ఇంటికి మించి కాయును. మించినదానిని చక్రములుగా తరిగి ఉప్పు రాచి వరుగులు చేసికొనుట మన అమ్మమ్మల వాడుక, మనమే విడిచితిమి. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున అతిథులకు పెట్టిన భోజనమున వడియములతోబాటు వరుగులును గలవు. రాజు వ్రాసిన కావ్యమున చోటు దొరకిన వంటకమునకు మన యటకమీద చోటు లేకపోయెను! కాని వరుగులు ముసురులో ఎండవు, బూజు పట్టును. దసరా దాటి ఎండ తేటపడిన పిదపనే ఆ పని.

కోరుట్లనుండి వచ్చిన లేఖ నన్ను రెండు రాత్రులు ఆలోచింపజేసినది. అందుచే దానికి ఎక్కువ చోటు తీసికొందును. ఆమె మాటలే వ్రాయుచున్నాను: “అక్కయ్యగారూ, నేను దినమునకు వెయ్యి బీడీలు చుట్టుదును. పిల్లల నాయన దుబాయిలో నున్నారు. ఇంట అత్తగారు, ఇద్దఱు పిల్లలు. పొద్దున నల్లా వచ్చువేళ తప్ప నాకు తీరిక లేదు. వెనుక కొంచెము జాగా ఉన్నది. అందులో పసుపు బాగుగా వచ్చుచున్నది. కాని మూడు తడవలు టమాట, మిరప నారు పెట్టితిని. మూడు తడవలును ఆకులు లేత, ముదురు పచ్చమచ్చలు పడి, సన్నగిలి, మొక్క గిడసబారినది. దుకాణమువాడిచ్చిన మందు కొట్టితిని. డబ్బు పోయినది గాని గుణము కనబడలేదు. మా జాగాలో దోషమున్నదని ఇరుగుపొరుగువారు అనుచున్నారు.”

జాగాలో దోషమున్నచో పసుపు ఏల పండును? కోరుట్ల, మెట్‌పల్లి మన్ను పసుపునకు పెట్టినది పేరు. ఒకే మన్నులో పసుపు నవ్వుచుండగా టమాట, మిరప మాత్రమే ఏడ్చుచున్నవనిన, ఆ రెండింటికిని గల చుట్టరికము చూడవలెను. టమాట, మిరప, వంకాయ, ఆలుగడ్డ, పొగాకు — ఇవి యన్నియు ఒక్క కుటుంబపు మొక్కలు. పొగాకునకు వచ్చు తెగులు కొన్ని ఈ చుట్టములకును అంటును. అందు ముఖ్యమైనది పొగాకు మొజాయికు తెగులు. ఆకుమీద లేతపచ్చ, ముదురుపచ్చ కలగలిసిన మచ్చలు దాని ఆనవాలు. ఆరబెట్టి, నలిపి, బీడీకి సిద్ధపఱచిన తంబాకులో సయితము దాని విషాంశము చావక యుండగలదు. దానిని మోయునది పురుగు గాదు. ముఖ్యముగా మనిషి చేయి. బీడీ చాట దించి, చేతులు కొంగునకు తుడుచుకొని, నారు సవరించినచో తెగులును మనమే వడ్డించిన వారమగుదుము.

ఈ తెగులునకు శాస్త్రచరిత్రలో పెద్ద పేరున్నది. 1892లో రష్యా దేశపు ఇవనోవ్‌స్కీ యనునతడు తెగులాకు రసమును బాక్టీరియాలను సహితము ఆపివేయు పింగాణి జల్లెడగుండ వడకట్టి చూచెను. వడిసిన రసము మంచి మొక్కకు పూసినను తెగులు పుట్టెను. 1898లో హాలెండు దేశపు బైజరింక్ అను పండితుడు దీనికి కారణము బాక్టీరియా గాదని, వేఱొక జాతిదని తేల్చి వైరసు అను పేరు వాడెను. లోకము వైరసును మొదట గుర్తించినది పొగాకుమీదనే. కోరుట్ల పెరటిలో టమాట చెడుటకును ఆ పొగాకునకును సంబంధముండుట వింతయే గాని, అసంభవము గాదు.

ఆకులు పైకి దోనెవలె ముడుచుకొని, అడుగున తెల్లదోమయో తామరపురుగో కనబడిన అది వేఱు జబ్బు. మనవారు మిరపలో బొబ్బర యందురు. అమ్మా, మీరు వ్రాసిన మచ్చలు ఆ విధముగా లేవు. మొజాయికు అయినచో దానికి మందు లేదు. పురుగుమందు పురుగును చంపునే గాని వైరసును చంపదు. కావున మఱల డబ్బు పెట్టవలదు. చేయవలసిన దిది. తెగులు మొక్కలను వ్రేళ్లతో పెకలించి కాల్చివేయుడు, ఎరువుకుప్పలో వేయవలదు. ఆ చోట ఒకటి రెండేండ్లు టమాట, మిరప, వంకాయ వేయక వేఱొక ప్రక్క నాటుడు. చాట దులిపిన పొట్టు, చేతులు కడిగిన నీరు మడిలో పడనీయకుడు. మొక్కను ముట్టుటకు ముందు చేతులను సబ్బుతో, గోళ్లసందులతో సహా, రెండుమాఱులు కడుగుకొనుడు. మీ అత్తగారు తంబాకు ముట్టరని వ్రాసితిరి గదా. ఈ మిరుగమున నాలుగు మొక్కలు ఆమెచేతనే నాటించి, ఆమెనే చూచుకొననిండు. మఱి నాలుగు మీరు నాటుడు, చేతులు కడుగుకొనియే. నలువది దినములకు ఏవి యెట్లున్నవో నాకు వ్రాయుడు. ఇరుగుపొరుగువారికి చెప్పవలసిన సమాధానము ఆ మొక్కలే చెప్పును.

మఱొక హెచ్చరిక. తంబాకు కషాయము కాచి పురుగులపై చల్లుట పల్లెలలో గలదు. ఇంట ఊరకే దొరకుచున్నది గదా యని ఆకుకూరలపై చల్లరాదు. పొగాకులోని నికొటిను మనుష్యులకును విషమే.

బీడీలయింట తోటకు ఒక మేలును గలదు. తునికాకు కత్తిరించిన ముక్కలు గంపలకొలది మిగులును. మీరు పొయ్యిలో వేయుచుందురు. తంబాకు కలియక ముందే కత్తిరించిన ముక్కలైనచో వానిని తీసి, పసుపుమడిమీద రెండంగుళముల మందమున పఱచుడు. నేల తడి ఆఱదు, కలుపు తగ్గును, ఏడాదికి మన్నులో గలిసిపోవును. పసుపు కొమ్ములను మిరుగము, ఆరుద్ర కార్తెలలో అడుగునకొకటిగా, రెండంగుళముల లోతున పెట్టుట మీకు నేను చెప్పనక్కఱలేదు. 2025 జనవరిలో నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు వెలసినది. పెరటి పసుపునకు బోర్డుతో పనిలేదు, పప్పులోనికి చాలినంత చాలును.

తీరిక లేదన్నారు. తీరిక లేనివారికి కాయగూరలకంటె ఆకుకూరలు మేలు. మూడడుగుల వెడల్పు, ఆఱడుగుల పొడవుగల మడిని నాలుగు పట్టీలుగా గీయుడు. మొదటివారము ఒక పట్టీలో తోటకూర చల్లుడు, రెండవవారము రెండవదానిలో, ఆ విధముగానే నాలుగవవారము వఱకు. నాలుగవది చల్లిన కొలది దినములకే మొదటిది కోతకు వచ్చును. కోసిన పట్టీలో పిడికెడు ఎరువు చల్లి మఱల విత్తుడు. మూలన నాలుగు పుంటికూర మొక్కలు, గోడకు ఒక బచ్చలితీగ. గంగవాయిలికూర తనంతట తానే వచ్చును; కలుపని పీకి పాఱవేయకుడు. నీటికై బెంగ వలదు. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు ఒక బకెటులో పట్టిన ఈ మడికి వానలు లేనినాడు సరిపోవును. గిన్నెలు తోమిన సబ్బునీరు మాత్రము ఆకుకూరలకు పోయరాదు. అరటికో చామకో పోయుడు. అన్నియు గలిపి పొద్దున పావుగంట పని.

ఆకుకూర మీదనే యింతగా చెప్పుటకు కారణమున్నది. 2019–20లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారని తేలినది. సగముకంటె ఎక్కువ మనమే. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో పెద్దవారు దినమునకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినవలెనని చెప్పిరి. మన యిండ్లలో ఇల్లాలి పళ్లెములో ఎన్ని గ్రాములు పడునో తూచి చూచినవారెవరు? పిల్లలకు పెట్టి, పెద్దలకు పెట్టి, వచ్చినవారికి పెట్టి, గిన్నె అడుగున మిగిలిన పులుసుతో మనము భోజనము కానిచ్చుట పాతివ్రత్యమని ఏ పురాణములోను నేను చదువలేదు. కూర దించగానే మీ పాలు వేఱుగా తీసి మూతపెట్టుడు. తినునప్పుడు నిమ్మరసము పిండుకొనుడు. ఆకులోని యినుము ఒంట పట్టుటకు పులుపులోని సి విటమిను తోడ్పడును. అన్నము తినగానే చాయ త్రాగుట దానికి అడ్డు. గంట సేపు ఆగుడు. మందుకు మాఱు ఆకుకూర యని నేననుట లేదు. కండ్లక్రింద తెల్లబడి, మెట్లెక్కిన ఆయాసము వచ్చువారు ఆసుపత్రిలో రక్తము చూపించుకొని ఇచ్చిన మాత్రలు వాడవలసినదే.

సిరిసిల్ల సోదరి ప్రశ్న చిన్నది, ముచ్చటైనది. “మాకు పెరడే లేదు, మిద్దె గలదు. దానిమీద డబ్బాలో ఆనిగెపుతీగ పెట్టితిని. పూలు పూయుచున్నవి. పిందె బొటనవ్రేలంత కాగానే పండుబాఱి రాలిపోవుచున్నది. మరమగ్గాల చప్పుడునకు తేనెటీగలు రావని మా ప్రక్కింటి పెద్దమ్మ చెప్పుచున్నది.”

పెద్దమ్మగారి మాటలో సగము నిజమున్నది. మగ్గముల సంగతి నేననను గాని, ఈగ రాలేదనుట నిజము. ఆనిగెపుతీగకు మగపూలు వేఱు, ఆడపూలు వేఱు. మగపూవునకు సన్నని పొడుగు కాడ మాత్రముండును. ఆడపూవు క్రింద చిట్టిపిందె పుట్టుకతోనే యుండును. మగపూవు పుప్పొడి ఆడపూవునకు చేరనిచో ఆ పిందె పెరుగక రాలును. తీగ మొదట కొన్నాళ్లు మగపూలనే పూయును. అవి రాలుట సహజము, చింతింపవలదు. ఆనిగెపుపూవు సంజవేళ విప్పారును, బీరయు నంతే. కావున దీపము పెట్టు వేళకు మిద్దెయెక్కి, అప్పుడే విచ్చిన మగపూవును కోసి, రేకులు తీసివేసి, దాని నడిమి కాడను ఆడపూవు నడుమ మెల్లగా తాకింపుడు. ఒక మగపూవు రెండు మూడు ఆడపూలకు చాలును. కాకర, గుమ్మడి పూలు తెల్లవాఱుజామున విచ్చును గనుక వానికి పొద్దుననే చేయవలెను. వారములోపల పిందె తల క్రిందికి వంచి బరువెక్కుట చూతురు. దీనిని పిల్లలచేత చేయింపుడు. బడిలో పటముమీద చదివిన పాఠము చేతితో చేసిన మఱవరు. మావారు తమ తరగతి పిల్లలకు ఈ పని చూపించినప్పుడు, ప్రశ్నలు వేయనివాడు సయితము వేసినాడట.

డబ్బా యనుచున్నారు గనుక ఒక మాట. సిరిసిల్లలో అద్దకపు రంగులు, మందులు వచ్చిన పీపాలు చౌకగా దొరకును. ఎంత కడిగినను అట్టివానిలో తినుకూర పెంచరాదు. నూనెడబ్బాలు, పాత మట్టిగోలెము, బియ్యపు సంచి — ఇవి చాలును. అడుగున రంధ్రములు మఱవకుడు. తడిసిన మన్ను బరువు తక్కువ గాదు. ఇరువది లీటర్ల డబ్బా ముప్పది కిలోలకు పైబడును. వానిని మిద్దె నడుమ గుంపుగా గాక, క్రింద గోడయున్న అంచువెంట వరుసగా పెట్టుడు. మన్నులో సగము మాగిన ఎరువు, కొబ్బరిపీచు కలిపిన బరువు తగ్గును. 2019లో మధ్య మానేరు జలాశయము నిండినది మొదలు మీ యూరి బావులలో నీరు పైకి వచ్చినదని అందఱు సంతోషించుచున్నారు గాని, ఆ సంగతి మిద్దెమీది డబ్బాకు తెలియదు. మే మాసమున దానికి రెండుపూటల నీరు, పగటివేళ పాతచీర నీడ తప్పవు.

విత్తనముల విషయమొకటి మిగిలినది. అంగడి పొట్లముమీద హైబ్రిడు అని యున్నచో దాని గింజ దాచుకొనుట వ్యర్థము. మఱుసటి తరము తల్లివలె రాదు. తోటకూర, పుంటికూర, కాకర, దేశవాళి బీర — వీనిలో మొదటి మంచి కాయను, బలిసిన మొక్కను కోయక విడిచి, ఎండిన పిదప గింజ తీసి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో మూతపెట్టుడు. ఏ మాసము తీసినదో చీటీ వ్రాసి అంటింపుడు.

వచ్చు మాసము అరటిపిలకలను గుఱించియు, నిమ్మకు వచ్చు గజ్జి తెగులును గుఱించియు వ్రాయుదును. లేఖలు వ్రాయు సోదరీమణులు పెరటి కొలతలు, ఎండ ఏ ప్రక్కనుండి ఎంతసేపు పడునో, మన్ను చెల్కయో రేగడియో, కోతులు వచ్చునో రావో తప్పక తెలుపవలెను. కోరుట్ల సోదరి మాత్రము ఆ ఎనిమిది మొక్కల సంగతి శ్రావణము లోపల వ్రాయగోరెదను.